శెట్టిగారి పొట్లానికి పేరు లేదు

మొన్న ఆదివారం మా కోడలు చీటీ రాసిచ్చి, మనవడికి తోడుగా నన్ను సూపర్ మార్కెట్టుకి పంపింది. వాడికి పంతొమ్మిదేళ్లు, ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడు బండి తోస్తూ ముందు, నేను చీటీ పట్టుకుని వెనక. కందిపప్పు దగ్గర ఆగి రెండు పాకెట్లు తీశాడు. ఒకటి రోజూ టీవీలో కనబడే కంపెనీది. రెండోది ఆ మార్కెట్టువాళ్లు సొంత పేరు వేసుకుని అమ్ముకునేది. కిలోకి నలభై రూపాయల పైచిలుకు తేడా. "తాతయ్యా, రెండూ ఒకటేనా? లేక చవకది చెత్తదా?" అన్నాడు.

రెండూ పుచ్చుకుని వేలితో నొక్కాను. చెవి దగ్గర పెట్టి ఆడించాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ప్లాస్టిక్ వాసన. కందిపప్పు కొనడానికి వెళ్లి కందిపప్పు వాసన చూసే వీల్లేని రోజులొచ్చాయి, నాయనా! డెబ్బై ఏళ్లకు పైగా పప్పన్నం తిన్నవాణ్ని, ఆ కుర్రాడు అడిగిన ముక్కకి జవాబు చెప్పలేక అక్కడే నిలబడిపోయాను. వాడు రెండూ బండిలో పడేసి ముందుకి పోయాడు. ఇంటికొచ్చేసరికి అడిగిన సంగతే మరిచిపోయాడు. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు.

మా రోజుల్లో ఈ ప్రశ్న పుట్టేది కాదు. ఎందుకు పుట్టేది కాదో చెప్తాను. నీకు తొందరుంటే ఫోను చూసుకో, నేను ఆగి ఆగే చెప్తాను.

తెనాలిలో మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల శెట్టిగారి పచారీ కొట్టు. గుమ్మంలోంచే గోనెబస్తాలు, అంచులు కిందికి మడిచి పెట్టి ఉండేవి. కందిపప్పు, మినుములు, పెసలు, సెనగపప్పు, వెనకాల ధనియాలు, మిరపకాయలు. గోడవార బెల్లం దిమ్మలు. నెత్తి మీద దూలానికి పురికొస ఉండ వేలాడుతుండేది. శెట్టిగారు తలెత్తి చూడకుండానే చెయ్యి పైకెత్తి కొస అందుకుని, పొట్లానికి నాలుగు చుట్లు చుట్టి, చూపుడు వేలికి మెలేసి ఫట్టున తెంపేవారు. ఆ పొట్లం మేడ మీద నుంచి పడేసినా విప్పుకునేది కాదు. పాత పేపరు కాగితం, గిద్దెడు మిరియాలైనా సరే శంఖంలాగా చుట్టి మూతి మడిచి ఇచ్చేవారు. ఇప్పుడు నువ్వు కొనే పాకెట్టు మూల పళ్లతో చింపితే అడ్డంగా చీలి పప్పంతా వంటింటి గట్టు మీద పారుతుంది. దాన్నే ఈజీ ఓపెన్ అని రాస్తారు.

మా అమ్మ కొట్టుకెళితే ఒక తంతు. పప్పు బస్తాలో చెయ్యి మోచేతి దాకా దించేది. పైనున్నది కాదు, అడుగున ఉన్నది చూడాలి. పిడికెడు తీసి అరచేతిలో పోసుకుని ఊదేది, పొట్టు ఎంత ఎగిరిందో చూసేది. రెండు బద్దలు పంటి కింద వేసుకుని కొరికేది. టక్కున విరిగితే ఎండిన సరుకు, మెత్తగా నలిగితే చెమ్మ ఉన్నట్టు. మిరపకాయ తొడిమ పట్టుకుని ఆడించేది, లోపల గింజ గలగలమనాలి. పసుపు కొమ్ము విరిచి లోపలి రంగు చూసేది. పక్కనే దుగ్గిరాల, పసుపు మార్కెట్టు ఉన్న ఊరు, పసుపు విషయంలో మా వైపు ఆడవాళ్లని ఎవడూ మోసం చేయలేడు. నువ్వులనూనె ఒక చుక్క మణికట్టు మీద వేయించుకుని రుద్ది వాసన చూసేది. అంతా అయ్యాక, "పోయినసారి పప్పు ఉడకలేదు శెట్టిగారూ, రెండు కట్టెలు ఎక్కువ పట్టాయి" అనేది. ఆయన నొచ్చుకుని, "ఈ బస్తా వేరమ్మా, తీసుకెళ్లండి, ఉడక్కపోతే వండిన గిన్నెతో సహా పట్రండి" అనేవాడు.

ఆ మాటే ఆయన బ్రాండు. ఆ పొట్లానికి పేరు లేదు, బొమ్మ లేదు, ఉన్న అక్షరాలు కూడా నిన్నటి పేపరువి. అయినా ఊరందరికీ అది ఎవరి పొట్లమో తెలుసు. మార్కెట్టువాళ్లు సొంత పేరుతో సరుకు అమ్మడం కొత్త సంగతి అనుకుంటున్నావు కదూ? మా రోజుల్లో ప్రతి పచారీ కొట్టూ సొంత సరుకే అమ్మేది. ఆయనే మిల్లు నుంచి తెచ్చేవాడు, ఆయనే జల్లించేవాడు, ఆయనే తూచేవాడు, ఆయన కళ్లలోకి చూసి మనం తిట్టేవాళ్లం.

ఇక కొసరు. ఆ మాట నీకు తెలుసా అసలు? తూకం సరిపోయాక, తరాజు ముల్లు నిలబడ్డాక, ఆయన ఇంకో గుప్పెడు తీసి పైన వేసేవాడు. అది కొసరు. అడక్కుండా వేస్తే మర్యాద, అడిగితే వేస్తే వ్యాపారం. పిల్లాడు వెంట వస్తే పుట్నాలపప్పు, చిన్న బెల్లం ముక్క. ఇప్పుడు ఒకటి కొంటే ఒకటి ఉచితం అంటారు. ఉచితం అన్నదాని ఖరీదు మొదటిదాంట్లోనే వేసి ఉంటుంది. కొసరు తూకం అయ్యాక పడేది, లెక్కలో ఉండేది కాదు.

కొలతలు కూడా మనిషి చేతికి అందేవి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. గిద్దలు తప్ప అన్నీ సగాలే, చదువు రానివాడికైనా పట్టుబడే లెక్క. 1957లో నయాపైసలొచ్చాయి, ఆ వెనకే కిలోలొచ్చాయి. మా అమ్మ చివరిదాకా వీశెల్లోనే లెక్క చెప్పుకునేది. వీశె అంటే దాదాపు కిలో నాలుగొందల గ్రాములు. కిలో పొట్లం చేత్తో ఎత్తి, "ఇదేం తూకంరా, చిక్కిపోయింది" అనేది పాపం.

కందిపప్పు మాటకొస్తే మా అమ్మమ్మగారి ఊళ్లో పప్పు కొనడమే నామోషీ. చేలో పండిన కందుల్ని నానబోసి, ఎర్రమన్ను మెత్తగా కలిపి, ఆ ఎర్రమన్ను గింజ గింజకీ పట్టేలా పిసికి ఎండబెట్టేవాళ్లు. పెరడంతా చాపలు. మేం కాకుల్ని తోలాలి. నాలుగు ఎండలు ఎండాక మన్ను రాలేలా జల్లించి తిరగట్లో పోసి విసిరేవాళ్లు. ఎర్రమన్ను పడితే పొట్టు తేలిగ్గా ఊడుతుంది, పురుగు పట్టదు. ఆ పప్పు రంగు నీ పాకెట్టులో ఉన్నట్టు నిమ్మపండులా మెరిసేది కాదు, కాస్త మన్ను చాయ ఉండేది. రాచ్చిప్పలో వేసి నీళ్లు పోసి పొయ్యి మీద పెడితే ఉడికేటప్పుడు వీధి చివరికి వాసన. ముద్దపప్పు, కొత్త ఆవకాయ, పైన వెన్న కాచిన నెయ్యి. ఎక్కడికో పోయాను. బ్రాండు మాటకి వస్తాను.

బ్రాండు అన్నది మా ఇళ్లలోకి పప్పుతో రాలేదు. డాల్డాతో వచ్చింది, బిస్కెట్లతో వచ్చింది, ఇన్‌స్టంటు కాఫీతో వచ్చింది. అంటే మనం ఇంట్లో చేసుకోలేనివి. అది న్యాయమే. పప్పుకి, ఉప్పుకి పేరేమిటి? చినగంజాం కొటార్ల నుంచి వచ్చిన కల్లుప్పు బళ్ల మీద వీధిలో అమ్మేవాళ్లు, "ఉప్పోయ్" అని కేకేస్తే కుంచంతో కొలిపించి జాడీలో పోసుకునేవాళ్లం. 1983లో టాటావాళ్లు ఉప్పుని పాకెట్టులో పోసి తెచ్చారు. ఉప్పుకి కూడా కంపెనీయా అని నేను ఆఫీసులో నవ్వాను. తర్వాత గోధుమపిండి వచ్చింది, ఆశీర్వాద్ 2002లో. అప్పటికి నవ్వడం మానేశాను. మర పట్టించే ఓపిక మా ఇంట్లోనూ పోయింది. అయోడిన్ కలిపిన ఉప్పు వచ్చాక మెడ కింద గాయిటర్ గడ్డలు తగ్గాయని డాక్టర్లు చెప్తే కాదనను. కాదనడానికి నాకు నోరు రాదు, మా మేనత్త మెడ నాకు గుర్తుంది.

బదిలీ మీద హైదరాబాదు వచ్చాక మొదటిసారి త్రినేత్రలో అడుగు పెట్టాను. 1986లో ఈ ఊళ్లోనే పుట్టిన కొట్టు అది, తర్వాత 2007లో బిర్లావాళ్ల చేతికి పోయి మోర్ అయింది. ఎవరూ పలకరించకుండా, ఎవరి అనుమతీ లేకుండా సరుకు మనమే తీసుకోవడం నాకు దొంగతనంలా తోచింది. చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాను. ఇప్పుడు ఏ కొట్టుకి ఆ కొట్టుకే సొంత పేర్లు. రిలయన్సువాళ్లది గుడ్ లైఫ్, డీమార్టువాళ్లది ప్రీమియా. బిగ్ బజార్ ఉన్న రోజుల్లో వాళ్లకి గోల్డెన్ హార్వెస్ట్ ఉండేది. ఆఖరికి ప్రభుత్వం కూడా దిగింది, 2023లో భారత్ దాల్ అని సెనగపప్పు కిలో 60 రూపాయలకి అమ్మింది, ఆ తర్వాత భారత్ ఆటా, భారత్ రైస్. శెట్టిగారి దారికే అందరూ వచ్చారు, మొహం మాత్రం చూపించరు.

ఇప్పుడు మా మనవడి ప్రశ్నకి వస్తాను. చవక పాకెట్టు ఎందుకు చవక?

ముప్పై అయిదేళ్లు ఆఫీసులో రికార్డులు చదివినవాణ్ని. మర్నాడు పొద్దున్నే భూతద్దం పెట్టుకుని ఆ రెండు పాకెట్ల వీపులు చదివాను. ముందువైపు నీ తరం చదువుతుంది, అక్కడ పచ్చటి చేను, నవ్వుతున్న అమ్మాయి. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో అసలు సంగతులుంటాయి. ఎవరు తయారుచేశారో, ఎవరు పాకెట్టు కట్టారో, ఏ ఊళ్లోనో, పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరుతో సహా రాయాలని చట్టం. సూపర్ మార్కెట్టువాళ్లకి మామూలుగా సొంత పప్పు మిల్లులుండవు. ఏదో మిల్లు దగ్గర లారీల లెక్కన బేరమాడి, తమ పేరు సంచిలో పోయించుకుంటారు. వాళ్లకి టీవీ ప్రకటనల ఖర్చు లేదు. డిస్ట్రిబ్యూటరు, హోల్‌సేలు, చిల్లర అని మధ్యలో ముగ్గురికి వాటా పంచే పని లేదు. అర వాళ్లదే, కళ్లకి ఎదురుగా పెట్టుకోవడానికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. ఆ నలభై రూపాయల్లో ఎక్కువ భాగం అక్కడ మిగిలిందే కావచ్చు, పప్పులో తగ్గించింది కానక్కర్లేదు.

ఇంకో మాట. పెద్ద కంపెనీ పాకెట్టు మీద పచ్చటి చేను చూసి తాండూరు అనుకుంటావు. తాండూరు కందిపప్పుకి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, నల్లరేగడి, సున్నపురాయి నేల, ఉడికితే వెన్నలా ఉంటుంది, నిజమే. కానీ మన దేశంలో పండే కంది మనకి చాలదు. బర్మా నుంచి, మొజాంబిక్ నుంచి, టాంజానియా నుంచి ఓడల్లో వస్తుంది. 2015లో కిలో రెండొందలు దాకా పోయినప్పుడు నీకు గుర్తుండదు, అప్పుడు నువ్వు చాక్లెట్ల వయసులో ఉన్నావు. ఆ తర్వాతేడు మొజాంబిక్‌తో ఒప్పందమే రాసుకున్నారు. ఖరీదైన పాకెట్టైనా చవక పాకెట్టైనా లోపల ఉన్నది ఏ రేవులో దిగిందో వీపు మీద కూడా ఉండకపోవచ్చు.

చదివి ఊరుకోలేదు. మా కోడలితో, "అమ్మాయ్, రెండూ విడివిడిగా వండు, ఏది ఏదో నాకు చెప్పకు" అన్నాను. "మామయ్యగారూ, రెండు కుక్కర్లు నేను తోమను" అంది కానీ వండింది. ఒకే నీళ్లు, ఒకే విజిళ్లు, ఉప్పు మాత్రమే వేసి మెదిపింది. రెండు గిన్నెలు నా ముందు పెట్టింది. మొదటిది ఉత్తదే వేలితో నాకాను, తర్వాత అన్నంలో కలుపుకున్నాను, తర్వాత నెయ్యి వేసుకున్నాను. రెండోది కూడా అలాగే. రెండో గిన్నెలో పప్పు కాస్త కమ్మగా, చిక్కగా ఉంది. మొదటిది నీళ్లోడింది. "ఇదిగో ఇదీ కంపెనీది, చూశావా" అని రెండో గిన్నె చూపించాను. అది చవకది.

ఆ పూట భోజనం మౌనంగా చేశాను. నాలిక మీద నమ్మకం పెట్టుకున్న మనిషికి అది చిన్న దెబ్బ కాదు. మా మనవడు నవ్వలేదు, ఇంకో గరిటె పప్పు వేసి, "తాతయ్యా, ఇది నిజంగానే బాగుంది" అన్నాడు. అవును, బాగుంది.

మర్నాడు ఇడ్లీరవ్వ పాకెట్లు రెండు తిప్పి చూస్తే పాకెట్టు కట్టిన చిరునామా ఒకటే, లైసెన్సు నంబరు అంకె అంకెకీ ఒకటే. ఒకే మరలో పట్టి ఒకదానికి పట్టు చీర, ఇంకోదానికి నేత చీర కట్టారు. బియ్యానికైతే ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. 1986లో మా పక్కన బాపట్లలో విడుదల చేసిన సాంబామసూరి, బీపీటీ 5204, ఇవాళ ఎన్ని మిల్లులుంటే అన్ని పేర్లతో బస్తాల్లోకి ఎక్కుతోంది. బస్తా మీద దేవుడి బొమ్మ మారుతుంది, గింజ మారదు. బస్తా అంటే గుర్తొచ్చింది, 2022 జులై 18 నుంచి పాకెట్టు కట్టి పేరు వేసిన పప్పు, బియ్యం, పిండి 25 కిలోల దాకా 5 శాతం జీఎస్టీ అన్నారు. మర్నాటి నుంచి మన వైపు 26 కిలోల బస్తాలు పుట్టుకొచ్చాయి. విడిగా తూచి అమ్మితే పన్ను లేదు. గోనెబస్తాలో చెయ్యి పెట్టి కొనే పద్ధతికి ఇన్నాళ్లకి చట్టం ఒక మర్యాద చేసింది, తీరా చూస్తే అలా అమ్మే కొట్టు మా వీధిలో ఒక్కటీ మిగల్లేదు.

ఇక్కడిదాకా విని, తాత చవకది కొనమన్నాడని పరిగెత్తకు. పప్పు, ఉప్పు, పంచదార, బియ్యం, రవ్వ, వీటిలో ఒకటే దినుసు. దాచడానికి ఏమీ లేదు. చూడు, కడుగు, వండు. రెండు మూడు దినుసులు కలిసిన చోటే మనిషి బుద్ధి కూడా కలుస్తుంది, అక్కడ జాగ్రత్త. దినుసులు తూకంలో ఎక్కువున్నది ముందు, తక్కువున్నది వెనక, ఆ వరసలోనే రాయాలి. ఇంగువ డబ్బా తీసి చదువు. చాలా డబ్బాల మీద మొదట పిండో, బంకో ఉంటుంది, ఇంగువ పేరు తర్వాతెక్కడో వస్తుంది. అఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చే ముద్ద ఇంగువ మా ఇంట్లో తాటాకు బుట్టలో పెడితే అల్మారా తెరిచినప్పుడల్లా తెలిసేది. ఇప్పుడు డబ్బా మూత తీసి ముక్కు లోపల పెట్టుకోవాల్సి వస్తోంది. ఈ విషయంలో పేరున్నదానికీ, కొట్టువాడిదానికీ పెద్ద తేడా కనబడలేదు, రెండిటి మీదా నాకు కోపమే. జాము సీసా మీద పండు శాతం చూడు, 45కి తగ్గకూడదని మామూలు రూలు. ఐస్‌క్రీము అనుకుని కొన్న డబ్బా మీద ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉంటే అది పాల కొవ్వు కాదు, నూనె కొవ్వు. అది ఖరీదైన కంపెనీలూ చేస్తాయి.

కాఫీ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే కాఫీ విషయంలో నేను ఎవరి మాటా వినను. తెనాలిలో మా నాన్న వారానికోసారి గింజలు వేయించి, చేతి మర తిప్పించేవాడు. తిప్పేది నేనే. భుజం నొప్పి పుట్టేది, వాసనకి నొప్పి మరిచిపోయేవాణ్ని. చికోరీ కలిపితే కాఫీ అరవై రూపాయలదైనా, ఆరొందలదైనా పాకెట్టు మీద ఎంత శాతమో రాయాలి, కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. మా వంటింట్లో ఫిల్టరు పొడి రెండు రకాలుంటే రెండు గాజు గ్లాసుల్లో చన్నీళ్లు పోసి, పైన చెంచాడు చెంచాడు చల్లాను. మనవణ్ని పిలిచి కూర్చోబెట్టాను. కాఫీ పొడి పైన తేలి నిలుస్తుంది, చికోరీ వెంటనే నీళ్లు తాగి గోధుమరంగు దారాలు వదులుతూ కిందికి దిగుతుంది. చవక గ్లాసులో నాలుగైదు దారాలు దిగి ఆగాయి. ఖరీదైన గ్లాసులో వానాకాలం చూరు కారినట్టు దిగింది. వాడు ఫోను పక్కన పెట్టి రెండు చేతుల మీద గడ్డం ఆన్చుకుని చూశాడు. వీపు తిప్పి చదివితే శాతాలు అలాగే ఉన్నాయి, ఎవరూ అబద్ధం చెప్పలేదు. మనమే చదవలేదు.

అయితే తాగితే? ఖరీదైనదే నాకు నచ్చింది. చికోరీ చేదుకీ, చిక్కదనానికీ ఇన్నేళ్లుగా అలవాటు పడిన నోరు ఇది. మా నాన్న కాఫీ కావాలని ఏడిచే నేను, మా నాన్న కాఫీకి దగ్గరగా ఉన్నదాన్ని పక్కకి తోశాను. దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

నూనె పాకెట్ల దగ్గర మాత్రం కళ్లు తెరుచుకుని ఉండు. లీటరు నూనె తూకం 910 గ్రాములే, కిలో కాదు. అది తప్పు కాదు, నూనె తేలిక. కానీ లీటరు పాకెట్టు పక్కన 850 గ్రాముల పాకెట్టు అదే ఒడ్డూ పొడుగులో నిలబెట్టి పది రూపాయలు తగ్గిస్తే నువ్వు చవకని ఎగబడతావు. నూనె, టీ, కాఫీ, బిస్కెట్లు ఫలానా తూకాల్లోనే పాకెట్టు కట్టాలని ఇదివరకు చట్టంలో ఒక పట్టిక ఉండేది. 2021 చివర్లో తెచ్చిన సవరణతో దాన్ని తీసేశారు. బదులుగా గ్రాముకి ఎంతో, మిల్లీలీటరుకి ఎంతో పాకెట్టు మీదే వేయమన్నారు. ఆ చిన్న అంకె ఒక్కటి చూసి పోల్చుకో, మిగతా రంగులన్నీ మరిచిపో. మా అమ్మకి వీశెల లెక్కలో ఏ తరాజూ చేయలేని మోసం, ఇంజనీరింగు చదివేవాడికి ఒక ప్లాస్టిక్ సంచి చేస్తోందంటే నాకు కడుపు మండుతుంది.

మా రోజుల్లో మోసం లేదా అని అడుగుతావు. ఉంది. మిరియాల్లో బొప్పాయి గింజలు, కారంలో ఇటుకపొడి, కందిపప్పులో లంకపప్పు. 1954లోనే కల్తీ నిరోధక చట్టం తేవాల్సి వచ్చిందంటే మా పెద్దవాళ్లు పుణ్యపురుషులు కారన్నమాట. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి అరవై మందికి పైగా పోయారు. శెట్టిగారి కొట్టు మంచిదైతే అది శెట్టిగారి మంచితనం, ఆ కాలం మంచితనం కాదు. పక్క వీధి కొట్టులో బియ్యంలో రాళ్లు ఏరి ఏరి మా అక్క కళ్లు పోగొట్టుకుంది, సూర్యాస్తమయం దాకా చేట ముందే. పాకెట్టు వీపు మీద నంబరు రాయించిన చట్టానికి దణ్ణం పెడతాను. నేను అడిగేది ఒకటే. తప్పు జరిగితే ఆ నంబరు నాతో మాట్లాడదు. పోయిన వేసవిలో ఒక పిండి పాకెట్టులో పురుగులుంటే దాని మీద ఉన్న ఫోను నంబరుకి చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, తొమ్మిది నొక్కండి. ఇరవై నిమిషాలు పాట వినిపించి పెట్టేశారు. శెట్టిగారైతే గిన్నెతో సహా పట్టుకొస్తే వాకిట్లో నిలబడి చూసేవాడు, మొహం ఎర్రబడేది, కొత్త పప్పు తూచి కొసరు రెండింతలు వేసేవాడు. అందులో పావలా నష్టం ఆయనకి, మాకు నలభై ఏళ్ల నమ్మకం.

నిన్న మళ్లీ చీటీ వచ్చింది. ఈసారి మనవడు నన్ను అడక్కుండానే కందిపప్పు పాకెట్టు వీపు తిప్పాడు. కళ్లు చిట్లించి చదివి, "తాతయ్యా, ఇది వేరే మిల్లు, పోయినసారిది కాదు" అన్నాడు. అదే కొట్టు, అదే పేరు, అదే సంచి. మిల్లు మాత్రం మారింది. సరే పట్రా చూద్దాం అన్నాను. ఇంటికి రాగానే గడప దగ్గర కూర్చుని పాకెట్టు కత్తిరించి చేటలో పోశాను. మా అమ్మ చేట అది, అంచుకి రెండుసార్లు పేడ, మెంతిపిండి పూయించాను. చెరిగాను. రాయి లేదు, పొట్టు లేదు, పుచ్చు లేదు. రెండు బద్దలు పంటి కింద వేసుకున్నాను, టక్కున విరిగింది. మనవడు వచ్చి పక్కన కూర్చుని వాడూ రెండు వేసుకున్నాడు. "మెత్తగా ఉందా, గట్టిగా ఉందా?" అన్నాను. "గట్టిగానే ఉంది తాతయ్యా, ఇంకో రెండు ఇవ్వు" అన్నాడు.